గుప్పెడు గడ్డిపరకలు

  

 ఈ శుక్రవారం హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలాం) గాథను ముచ్చటించుకుందాము. ఆ పేరు వినగానే మీలో అనేకుల మనసులో సబ్ర్ అన్న మాట మెదిలి ఉంటుంది. ఉర్దూలో ‘సబ్రె అయ్యూబ్’ అని ఒక నానుడే స్థిరపడింది. ఆయన సహనం గురించి మీరు ఎన్నో ప్రసంగాలు విన్నారు. నేను నేడు ఆయన సహనం గురించి కొంచెం, ఆయన ఇంటి గురించి ఎక్కువ చెప్పదలిచాను.

ముందుగా ఒక మనవి. మన మసీదులో ఇప్పుడు ఈ మాటలు వింటున్నవారంతా పురుషులే. ఇంటికి వెళ్ళి, “అయ్యూబ్ నబీ భార్య ఎంత సేవ చేసిందో ఇమాం సాబ్ చెప్పారు, నువ్వూ ఉన్నావు” అని ఇల్లాలికి అప్పజెప్పాలని ఎవరైనా ఇప్పటికే తలచి ఉంటే, దయచేసి ప్రసంగం చివరిదాకా ఓపిక పట్టండి. ఈ గాథలో అల్లాహ్ ఆజ్ఞ దిగింది భార్య మీద కాదు, భర్త మీద.

దివ్య ఖుర్ఆన్‌లో అయ్యూబ్ (అ) ప్రస్తావన నాలుగు సూరాలలో వస్తుంది. సూరా నిసాలోనూ సూరా అన్ఆమ్‌లోనూ ప్రవక్తల వరుసలో ఆయన పేరు మాత్రమే ఉంది. సూరా అంబియాలో రెండు ఆయతులు, సూరా సాద్‌లో నాలుగు ఆయతులు ఆయన పరీక్షను గురించి తెలుపుతాయి. ఇంతే. ఎన్నేళ్ళు వ్యాధి బాధించిందో, అది ఏ వ్యాధియో, ఎంత ఆస్తి పోయిందో, ఎందరు బిడ్డలు గతించారో ఖుర్ఆన్ లెక్క చెప్పలేదు.

మన క్రైస్తవ సోదరుల గ్రంథంలో ఈ గాథ సుదీర్ఘంగా ఉంది. తెలుగు బైబిలులో దానిని యోబు గ్రంథము అంటారు. అందులో నలభై రెండు అధ్యాయాలు. ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు, ఏడు వేల గొర్రెలు, మూడు వేల ఒంటెలు అంటూ ఆయన సంపద లెక్కతో అది మొదలవుతుంది. ఒక్కొక్క దూత వచ్చి ఒక్కొక్క నష్టం వార్త చెబుతాడు. పిమ్మట ముగ్గురు మిత్రులు వచ్చి, నీవేదో పాపం చేసి ఉంటావని అధ్యాయాల కొద్దీ వాదిస్తారు. ఆ గ్రంథంలో భార్య మాట్లాడేది ఒక్కసారే. ఇంకా నీ నిష్ఠను పట్టుకుని వ్రేలాడుతున్నావా, దేవుణ్ణి దూషించి మరణించరాదా అని ఆమె అంటుంది. ఆ తర్వాత ఆమె మాట వినిపించదు. చివర ఆయన సంపద రెండింతలైనప్పుడు కూడా ఆమె ప్రసక్తి లేదు.

ఇతరుల గ్రంథాన్ని తప్పుపట్టడానికి నేనిది చెప్పడం లేదు. అదే ఇంటిని ఖుర్ఆన్ ఏ వాకిలి నుండి చూపించిందో మీరు గమనించాలని చెబుతున్నాను. ఖుర్ఆన్‌లో ఆమె నోట ఒక్క దుర్భాష లేదు. అంతేకాదు, ఆయన ఇంటివారిని తిరిగి ఆయనకు ప్రసాదించామని అల్లాహ్ ఆ రెండు సూరాలలోనూ ప్రత్యేకంగా తెలియజేశాడు. గొర్రెల లెక్క లేదు, ఒంటెల లెక్క లేదు. ఇంటివారు ఉన్నారు.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఆయన శరీరానికి పురుగులు పట్టాయనీ, రాలిన పురుగును తీసి మళ్ళీ పుండులో పెట్టుకున్నారనీ, ఊరివారు ఆయనను పెంటకుప్ప మీద పడవేశారనీ కొందరు వక్తలు కన్నీరు తెప్పిస్తూ చెబుతారు. ఇవి ఇస్రాయీలీ కథనాలు. ప్రజలు అసహ్యించుకుని దూరంగా తొలగిపోయే వ్యాధి ప్రవక్తకు రాదని, ఎందుకంటే సందేశం అందించడం ఆయన బాధ్యత గనుక, మన విద్వాంసులు వివరించారు. అయ్యూబ్ (అ) విషయంలో ఖుర్ఆన్ తెలిపినదీ, బంగారు మిడతలను గురించిన ఒక హదీసూ తప్ప ఏదీ నిర్ధారణ కాలేదని ఖాజీ అబూ బక్ర్ ఇబ్నుల్ అరబీ (రహ్మతుల్లాహి అలైహి) చెప్పిన మాటను ఇమామ్ ఖుర్తుబీ తన తఫ్సీరులో ఉటంకించారు. కనుక నేను ఏదైనా కథనం చెప్పినప్పుడు అది కథనమేనని చెప్పి చెబుతాను. మీరూ అలాగే గుర్తుంచుకోండి.

సోదరులారా, ఆయన చేసిన దుఆను గమనించండి. సూరా అంబియాలో ఆయన తన ప్రభువును పిలిచి, తనకు బాధ తాకిందనీ, కరుణించేవారందరిలోకీ ఆయనే అధిక కరుణామయుడనీ విన్నవించుకున్నారు. “బాధ పడింది” అనలేదు, “బాధ ముంచేసింది” అనలేదు. “తాకింది” అన్నారు. అరబీలో ‘మస్స’ అంటే స్పర్శ. ఏళ్ళ తరబడి దేహాన్ని పీల్చిన వ్యాధిని ఆయన ప్రభువు సన్నిధిలో ఒక స్పర్శగా చెప్పుకున్నారు. స్వస్థత కావాలని కూడా నోరు తెరిచి అడగలేదు. తన స్థితి చెప్పి, ప్రభువు గుణం చెప్పి ఊరుకున్నారు. సూరా సాద్‌లో ఆ బాధను షైతానుకు ఆపాదించారే తప్ప అల్లాహ్‌కు ఆపాదించలేదు. ఇది అదబ్. ఆస్పత్రి మంచం పక్కన నిలబడి “అల్లాహ్ మాకే ఎందుకు ఇలా చేశాడు” అనే నోళ్ళకు ఇందులో పాఠం ఉంది. దాని మీద మరొక శుక్రవారం మాట్లాడుకోవచ్చు.

ఇక ఆ ఇల్లాలి సంగతి. ఖుర్ఆన్ ఆమె పేరు చెప్పలేదు. కొందరు వ్యాఖ్యాతలు రహ్మ అన్నారు, కొందరు లియా అన్నారు. పేరేదైతేనేమి, ఆమె చేసిన పని ఏమిటో ఒక కథనం తెలుపుతుంది. హజ్రత్ అనస్ (రజియల్లాహు అన్హు) ద్వారా అందిన ఆ ఉల్లేఖనాన్ని ఇబ్ను హిబ్బాన్ తదితరులు తమ సంకలనాలలో చేర్చారు. దీనిని ప్రవక్త (స) వాక్కుగా స్వీకరించే విషయంలో ఇబ్ను కసీర్ సంశయం వెలిబుచ్చారు. ప్రామాణికమన్న విద్వాంసులూ ఉన్నారు. దాని ప్రకారం పరీక్ష పద్దెనిమిది సంవత్సరాలు సాగింది. దగ్గరివారూ దూరపువారూ అందరూ విడిచిపోగా ఇద్దరు మిత్రులు మాత్రం ఉదయం సాయంత్రం వచ్చి చూసి వెళ్ళేవారు. ఆ ఇద్దరిలోనూ ఒకడు రెండవవాడితో, ఈయన లోకంలో ఎవరూ చేయని పాపమేదో చేసి ఉంటాడు, లేకుంటే పద్దెనిమిదేళ్ళుగా ప్రభువు ఎందుకు కరుణించడు అన్నాడు. రెండవవాడు ఉండబట్టలేక వచ్చి ఆ మాట రోగి ముఖానే చెప్పేశాడు. పరామర్శకు వెళ్ళి ఇలా చెప్పి వచ్చేవారు మన వీధుల్లోనూ ఉన్నారు, సరే.

ఆ ఉల్లేఖనంలోనే ఒక చిన్న వివరం ఉంది. అయ్యూబ్ (అ) కాలకృత్యాలకు బయటికి వెళ్ళేవారు. పని ముగిశాక ఆయన భార్య చేయి పట్టుకుని ఇంటికి తెచ్చేది. పద్దెనిమిది సంవత్సరాలు, రోజుకు ఎన్నిసార్లో మీరే లెక్క వేసుకోండి. మంచం పట్టిన మనిషి ఉన్న ఇంట్లోని వారికి ఈ వాక్యం వివరించి చెప్పనక్కరలేదు. రోగికి మందు ఇవ్వడం, పండ్లు కోసి పెట్టడం అందరూ చేస్తారు. చేయి పట్టుకుని ఆ చోటి నుండి తీసుకువచ్చేవారు ఇంటికి ఒకరే ఉంటారు.

ఈ సందర్భంలో నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

మా అబ్బా దర్జీ పని చేసేవారు. నాకు పన్నెండేళ్ళప్పుడు ఆయనకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. కుట్టు మిషను రెండో ఏడాది అమ్మేశాము. అమ్మీ తన నల్లపూసల గొలుసులోని బంగారు గుండ్లు ఒక్కొక్కటే తీసి అమ్మారు. చివరికి ఉత్త దారమూ పూసలూ మిగిలాయి. నన్ను మాత్రం చదువు మాన్పించక మదర్సాకు పంపారు. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు. రమజాను సెలవులకు ఇంటికి వచ్చాను. ఒక రాత్రి అబ్బా పక్క తడిపారు. అమ్మీ లేచి దుప్పటి మార్చారు. అరగంటలో మళ్ళీ తడిపారు. మళ్ళీ మార్చారు. మూడవసారి ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుని, “యా అల్లాహ్, ఇద్దరిలో ఒకరిని తీసుకుపో” అన్నారు.

మంచం మీద అబ్బా విన్నారు. ముఖం గోడవైపు తిప్పుకున్నారు. ఇక ఆవిడ చేతితో నీళ్ళు కూడా తాగనని, వచ్చీరాని మాటతో, అల్లాహ్ మీద ప్రమాణం చేశారు.

నేను అప్పుడే తఫ్సీరు చదువుతున్న విద్యార్థిని. మెదడు నిండా కితాబులు. తెల్లవారాక అమ్మీని కూర్చోబెట్టి అయ్యూబ్ (అ) సహనాన్ని గురించి గంటసేపు బోధించాను. నోరు జారడం ఎంత పెద్ద తప్పో, సేవ చేసి ఎత్తిపొడిస్తే పుణ్యం ఎలా బూడిదవుతుందో వివరించాను. ఆవిడ సహరీ పళ్ళేలు కడుగుతూ అంతా విన్నారు. చివరికి ఉర్దూలో ఒక్క మాట అడిగారు. తెలుగులో చెబితే అది ఇది: “బేటా, అయ్యూబ్ నబీ సబ్ర్ గురించి బాగా చదువుకున్నావు. ఆ పద్దెనిమిదేళ్ళూ ఆయనకు రొట్టె ఎవరు పెట్టారో మీ కితాబుల్లో రాసి లేదా?”

రాసి ఉంది. నేను ఆ పుట దగ్గర ఆగలేదు.

మదర్సాకు తిరిగి వెళ్ళాక ఆగి చదివాను. తఫ్సీరు గ్రంథాలలో ఒక కథనం ఉంది; ఇది కథనమేనని మళ్ళీ చెబుతున్నాను. ఆస్తి పోయిన తరువాత ఆ ఇల్లాలు ఇరుగు పొరుగు ఇళ్ళల్లో కూలి పని చేసి భర్తకు తిండి తెచ్చేది. కొంతకాలానికి, రోగి భార్య గనుక ఆ రోగం తమకూ అంటుకుంటుందేమోనని ప్రజలు ఆమెను పనికి పిలవడం మానుకున్నారు. అప్పుడామె తన రెండు జడలలో ఒక దానిని కత్తిరించి సంపన్నుల ఇంటి ఆడపడుచులకు అమ్మి మంచి భోజనం తెచ్చింది. ఎక్కడిదని ఆయన అడిగితే, పని చేసి తెచ్చానంది. మరునాడు రెండవ జడ అమ్మింది. ఈసారి ఆయన, ఇది ఎక్కడిదో చెప్పేదాకా ముద్ద ముట్టనని ఒట్టు పెట్టుకున్నారు. ఆమె తల మీది వస్త్రం తొలగించి చూపింది. గొరిగిన ఆ తలను చూసిన తరువాతనే ఆయన నోట ఆ దుఆ వెలువడిందని ఆ కథనం చెబుతుంది.

ఆలోచించండి. తన దేహం శుష్కించినప్పుడు ఆయన ఓర్చుకున్నారు. భార్య దుఆ చేయమని వేడుకున్నప్పుడు, డెబ్బై ఏళ్ళు ఆరోగ్యంగా ఉన్నాను, అల్లాహ్ కోసం మరో డెబ్బై ఏళ్ళు ఓర్చుకుంటే అది ఎక్కువా అన్నారని మరొక కథనం. అంతటి ఓర్పు గల మనిషి, ఇల్లాలి తల చూడగానే ప్రభువును పిలిచారు. ఈ కథనం సనదు ఎంత బలమైనదన్నది వేరే చర్చ. దీనిని చెప్పుకున్న తొలి తరాలవారికి ఇల్లాలి కష్టం ఎంత బరువైనదిగా తోచిందో మాత్రం ఇందులో కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సూరా సాద్‌లో, నీ పాదంతో నేలను తన్ను అని అల్లాహ్ ఆయనను ఆదేశించాడు. చల్లని నీరు ఉబికింది. అది స్నానానికీ, త్రాగడానికీ. స్వస్థత లభించింది. ఇంటివారు లభించారు. గాథ ఇక్కడితో ముగిసిందని మనం అనుకుంటాము. కాని ఇంకొక ఆజ్ఞ మిగిలి ఉంది. చేతిలో ఒక గడ్డిపరకల కట్ట తీసుకుని దానితో కొట్టు, ప్రమాణాన్ని భంగపరచకు అని అల్లాహ్ సెలవిచ్చాడు. ఎవరిని కొట్టాలో ఆ ఆయతు చెప్పలేదు. భార్యనేనని వ్యాఖ్యాతలు వివరించారు. వ్యాధిలో ఉండగా ఏదో విషయంలో ఆమె మీద అలిగి, స్వస్థత కలిగితే నూరు దెబ్బలు కొడతానని ఆయన ప్రమాణం చేశారు. కారణమేమిటన్నది కథనాలు ఒక్క తీరుగా చెప్పవు. జడలు అమ్మినందుకని కొందరు, వైద్యుడి వేషంలో వచ్చిన షైతాను మాట ఆమె మోసుకొచ్చినందుకని కొందరు, ఏదో పని మీద వెళ్ళి ఆలస్యంగా వచ్చినందుకని కొందరు.

ఇప్పుడు ఆ ఇంటి చిక్కు చూడండి. ఒకవైపు అల్లాహ్ పేరిట చేసిన ప్రమాణం. ఇద్దరు మనుషులు తగవులాడుతూ అల్లాహ్ పేరు ఎత్తితే, అది అసత్యంగా ఎత్తి ఉంటారేమోనన్న భయంతో వారి తరఫున తాను ఇంటికి వెళ్ళి పరిహారం చెల్లించేవారట అయ్యూబ్ (అ). అనస్ (రజి) ఉల్లేఖనంలోనే ఈ సంగతి కూడా ఉంది. అంతటి మనిషి తన ప్రమాణాన్ని ఎలా వదులుకుంటారు? మరోవైపు, చేయి పట్టుకుని నడిపించిన ఇల్లాలు. స్వస్థత పొందిన మొదటి రోజున, బలం తిరిగి వచ్చిన ఆ చేతితో చేసే మొదటి పని ఆమెను కొట్టడమేనా?

అల్లాహ్ ఆ ఇంటిని ఈ చిక్కులో విడిచిపెట్టలేదు. నూరు పరకలున్న ఒక్క కట్ట, ఒక్కసారి మెల్లగా తాకిస్తే చాలు. ప్రమాణం నిలిచింది. ఆమెకు నొప్పి తగలలేదు. ఈ ఆయతు వివరణలో ఇబ్ను కసీర్ ఆ ఇల్లాలిని సహనశీలి అని, కష్టాలకు ఎదురొడ్డినదని, సత్యసంధురాలని, సన్మార్గాన ఉన్నదని విశేషణం మీద విశేషణం పేర్చి కొనియాడారు. ఆమె తప్పు చేసిందా లేదా అన్న విచారణ అల్లాహ్ గ్రంథంలో జరగలేదు. అలసిన మనిషి నోట జారిన మాట, చేసిన పొరపాటు, ఏదైనా కానివ్వండి, ఆమె సేవ ముందు దానిని తూచవలసి వచ్చినప్పుడు అల్లాహ్ తూచింది గడ్డిపరకలతో.

ఈ ఆయతును పట్టుకుని ధర్మంలో సాకులు వెదికేవారు కూడా ఉన్నారు. జకాతు ఎగవేయడానికి, వారసత్వంలో చెల్లెలి వాటా మింగడానికి ఉపాయం చెప్పమని నా దగ్గరికీ వచ్చారు. బాధితుణ్ణి కాపాడడానికి అల్లాహ్ చూపిన వెసులుబాటును బాధితుణ్ణి దోచుకోవడానికి వాడుకోజూస్తే, ఆ లెక్క అల్లాహ్ దగ్గర తేలుతుంది.

మన షరీయత్‌లో మార్గం ఇంకా సులభం. ఒక విషయంపై ప్రమాణం చేసిన మనిషికి దానికి భిన్నమైనది మేలుగా కనబడితే, ఆ మేలైన పని చేసి ప్రమాణానికి పరిహారం చెల్లించాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. పరిహారం సూరా మాయిదాలో ఉంది: పదిమంది పేదలకు భోజనం పెట్టడం, లేదా వారికి వస్త్రాలు ఇవ్వడం, లేదా ఒక బానిసను విముక్తి చేయడం; అవేవీ శక్తికి మించినవైతే మూడు రోజుల ఉపవాసాలు. ఇషా నమాజు తరువాత నా దగ్గరికి వచ్చే మసాయిల్‌లో ఇలాంటివి తరచుగా ఉంటాయి. “ఇమాం సాబ్, ఆమె చేతి అన్నం తిననని ఒట్టు పెట్టుకున్నాను.” “వాళ్ళమ్మ గడప తొక్కనని ఖసం తిన్నాను.” ఖసం తిన్నాను గనుక నేనేమి చేయగలను అన్నట్టు ముఖం పెడతారు. నాయనా, పదిమందికి అన్నం పెట్టు, వెళ్ళి ఆమె చేతి అన్నం తిను. అహంకారానికి అల్లాహ్ పేరును ముసుగు చేసుకోవద్దు.

మా ఇంట్లో జరిగిందీ అదే. మా ఊరి పెద్ద మౌల్వీ సాబ్ ఆ రోజు ఇఫ్తార్ వేళకు మా ఇంటికి వచ్చారు. నాలాగా ఆయన బోధ చేయలేదు. అబ్బా మంచం పక్కన కూర్చుని సూరా సాద్‌లోని ఆ ఆయతు పఠించారు, అర్థం చెప్పారు, లేచి వెళ్ళిపోయారు. అజాన్ అయ్యాక అమ్మీ ఖర్జూరం పిండి నోట్లో పెడితే అబ్బా తిన్నారు. ఈద్ వెళ్ళాక పదిమందికి భోజనం పెట్టే తాహతు మాకు లేకపోయింది. ఉపవాసాలకు ఆయన దేహంలో శక్తి లేదు. మౌల్వీ సాబ్ తానే ఇంటి నుండి బియ్యం పంపారు. అమ్మీయే వండారు.

సోదరులారా, ఇంతవరకు సేవ చేసిన స్త్రీని గురించి విన్నారు. ఇప్పుడు సేవ చేసిన పురుషుణ్ణి గురించి వినండి, ఎందుకంటే రోగం ఎప్పుడూ మగవాడికే రాదు.

హిజ్రీ రెండవ సంవత్సరం రమజాను మాసంలో దైవప్రవక్త (స) బద్ర్ వైపు బయలుదేరారు. ఇస్లాం చరిత్రలో ఆ రోజుకు సాటిలేదని మీకు తెలుసు. అప్పుడు హజ్రత్ ఉస్మాన్ (రజి) భార్య, ప్రవక్త (స) కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి) తీవ్రంగా జబ్బుపడి ఉన్నారు. ఆమె దగ్గర ఉండమని ఉస్మాన్ (రజి) ను ప్రవక్త (స) మదీనాలో నిలిపివేశారు. బద్ర్‌లో పాల్గొన్నవానికి లభించే పుణ్యమూ, యుద్ధప్రాప్తిలో వాటా రెండూ ఆయనకు లభిస్తాయని తెలియజేశారు. ఏళ్ళు గడిచాక ఒక మనిషి వచ్చి, ఉస్మాన్ బద్ర్‌కు హాజరు కాలేదు కదా అని దెప్పాడు. అప్పుడు అబ్దుల్లాహ్ ఇబ్ను ఉమర్ (రజి) ఈ సంగతి చెప్పి అతని నోరు మూయించారు. బుఖారీలో ఉంది. బద్ర్ విజయవార్త మదీనా చేరే వేళకు రుఖయ్యా (రజి) గారి ఖననం జరుగుతోందని సీరత్ గ్రంథాలు తెలుపుతాయి. అంటే ఉస్మాన్ (రజి) యుద్ధభూమిలో లేరు, భార్య బ్రతకనూ లేదు. అయినా ఆ మంచం పక్కన గడిపిన రోజులు బద్ర్ లెక్కలోకే వెళ్ళాయి.

భార్యకు జబ్బు చేస్తే మూడు రోజులు చూసి పుట్టింటికి పంపేవారు ఈ వరుసల్లో ఎవరైనా ఉంటే, ఈ హదీసు మళ్ళీ ఒకసారి చదవండి. మంచాన పడిన తల్లిని కోడలికి అప్పగించి, తాను మాత్రం నలభై రోజుల ప్రయాణానికి సంచి సర్దుకునే కొడుకు కూడా చదవాలి. దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనులలో ఉండేవారు, నమాజు వేళకు లేచి వెళ్ళేవారు అని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. ఆయన తన చేతితో ఎన్నడూ ఏ స్త్రీనీ, ఏ సేవకుణ్ణీ కొట్టలేదని కూడా ఆవిడే సాక్ష్యం ఇచ్చారు.

మళ్ళీ ఆ ఇంటికి వెళదాము. స్వస్థత కలిగిన రోజు. అనస్ (రజి) ఉల్లేఖనం ప్రకారం, ఆ రోజు కాలకృత్యానికి వెళ్ళిన మనిషి ఎంతసేపటికీ పిలవకపోవడంతో భార్య వెదుకుతూ వచ్చింది. ఎదురుగా ఆరోగ్యవంతుడైన, అందమైన ఒక పురుషుడు నడిచి వస్తున్నాడు. ఆమె గుర్తుపట్టలేదు. వ్యాధిగ్రస్తుడైన అల్లాహ్ ప్రవక్తను ఎక్కడైనా చూశారా అని అతణ్ణే అడిగింది. ఆయన ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో అచ్చం మీలాగే ఉండేవారు అని కూడా అంది. నేనే ఆయనను అన్నారు అయ్యూబ్ (అ).

అన్నేళ్ళు చేయి పట్టుకు నడిపించిన మనిషిని ఆమె గుర్తుపట్టలేకపోయింది. రోగి ముఖమే ఆమెకు భర్త ముఖమైపోయింది. పూర్వపు ముఖాన్ని మాత్రం మరిచిపోలేదు.

ఇంటివారిని తిరిగి ఇచ్చాము, వారితోపాటు వారివంటి మరికొందరిని కూడా ఇచ్చాము అన్న ఆయతు గురించి వ్యాఖ్యాతలు రెండు విధాలుగా చెప్పారు. మరణించిన బిడ్డలనే అల్లాహ్ బ్రతికించాడని కొందరు, మళ్ళీ సంతానం కలిగిందని కొందరు. ఏదైనా అది తన కారుణ్యమనీ, ఆరాధకులకు జ్ఞాపికయనీ అల్లాహ్ అన్నాడు. బుఖారీలో అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఆ బంగారు మిడతల హదీసు కూడా ఈ రోజులదే అనుకోవచ్చు. అయ్యూబ్ (అ) స్నానం చేస్తుండగా పైనుండి బంగారు మిడతలు రాలాయి. ఆయన వాటిని దోసిళ్ళతో వస్త్రంలోకి ఎత్తుకోసాగారు. నిన్ను అక్కర లేనివానిగా చేయలేదా అని ప్రభువు అడిగితే, నీ శుభానుగ్రహం అక్కర ఎన్నటికీ తీరదు ప్రభూ అని బదులిచ్చారు. అన్ని ఏళ్ళు ఏమీ అడగని మనిషి ఆ రోజు రెండు చేతులా ఏరుకున్నారు.

మా అమ్మీ పోయి ఆరేళ్ళయింది. అబ్బా అంతకు ఎంతో ముందే పోయారు. ఆ రాత్రి అన్న మాటకు మన్నించమని ఆవిడ ఆయన చివరి రోజుల్లో అడిగితే, ఏ మాట అని ఆయన అడిగారు. నేను అక్కడే ఉన్నాను. ఆయనకు గుర్తుందో లేదో నాకు నేటికీ తెలియదు.

రండి, చేతులు ఎత్తుదాము.

యా అల్లాహ్! మా మొహల్లాలో మంచాన ఉన్నవారికి అయ్యూబ్ (అలైహిస్సలాం) కు ఇచ్చినట్టు స్వస్థత ప్రసాదించు. వారి పక్కన రాత్రులు మేలుకుంటున్నవారి నడుముకు బలమివ్వు, కంటికి నిద్రనివ్వు. అలసటలో వారి నోట జారిన మాటలను లెక్కలోకి తీసుకోకు. మా తల్లులకు, మా భార్యలకు, మా చెల్లెళ్ళకు మేము చేసిన అన్యాయాలను మన్నించు. వారి చేతనూ మన్నింపజేయి. కోపంలో నీ పేరు మీద మేము చేసిన ఒట్ల నుండి బయటపడే దారి చూపు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.

నమాజు తరువాత మన వీధిలో జబ్బుపడి ఉన్నవారి పేర్లు ముఅజ్జిన్ సాబ్ చదువుతారు. సఫ్‌లు సరిచేసుకోండి.